రేకుల షెడ్డు మీద పడే వాన నీళ్లకు ఎన్ని లీటర్ల ట్యాంకు పెట్టాలి? (అనంతపురం జిల్లా)

కంబదూరు చీనీతోట:

అన్నలకు నమస్కారం. మాది కళ్యాణదుర్గం వైపు, కంబదూరు దగ్గర పల్లె. ఐదెకరాల ఎర్ర గరుసు నేల. మూడెకరాల్లో శెనక్కాయ, మధ్యమధ్యలో కంది సాళ్లు. మిగతా రెండెకరాల్లో పోయిన సంవత్సరం చీనీ (బత్తాయి) పెట్టాం, 220 మొక్కలు. బోరు 650 అడుగులు. వానాకాలం బాగానే పోస్తుంది, శివరాత్రి దాటిందంటే దగ్గడం మొదలుపెడుతుంది, ఉగాదికి గాలి తప్ప ఏమీ రాదు. పోయిన ఎండాకాలం ట్యాంకర్లు తోలించి మొక్కలను బతికించుకున్నాం. ఆ లెక్క ఇంకా మా ఆవిడకు పూర్తిగా చెప్పలేదు.

పైగా ఆ బోరు నీళ్లు ఒట్టి సుద్ద. కాచిన గిన్నెలో తెల్లగా పొర కడుతుంది, డ్రిప్పు పైపుల కంతలు రెండు నెలలకోసారి మూసుకుపోతాయి.

విషయానికొస్తా. చేన్లో 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు షెడ్డు ఉంది, ఇనుప రేకులు, రెండు వైపులా వాలు. కింద రెండు ఎనుములు (గేదెలు), 30 గొర్రెలు ఉంటాయి. మొన్న రాత్రి వాన పడినప్పుడు నాన్న చూరు కింద బకెట్ పెట్టి, లోపలికి వెళ్లి తువ్వాలు తెచ్చుకునేలోపు అది నిండి పొర్లుతోంది. "ఇన్నేళ్లుగా ఇదంతా వంకలోకి పోతా ఉంటే మనం టౌను నుంచి నీళ్లు కొంటున్నామా" అన్నాడు. అప్పట్నుంచి ఇంట్లో ఇదే చర్చ.

కొట్టాయన రెండు 10 వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు తీసుకోమంటాడు. మామ భూమిలో సంపు కట్టమంటాడు. ఊళ్లో ఒకరిద్దరు అవేం వద్దు, పంట కుంట తవ్వి షీటు పరుచుకో అంటారు. నాకైతే ఈ నీళ్లతో చీనీకి ఎండాకాలం గడిస్తే చాలు. ఏది పెట్టాలి, ఎన్ని లీటర్లది, ఎక్కడ పెట్టాలి? పెట్టినవాళ్లు చెప్పండి. చేతులు కాల్చుకున్నవాళ్లయితే ఇంకా మేలు.

పులివెందుల రైతు:

తమ్ముడూ, ట్యాంకు సంగతి పక్కన పెట్టి ముందు కాగితం పెన్ను తీసుకో. నేనూ చీనీ రైతునే, 12 ఏళ్ల తోట, ఈ లెక్క ముందే వేసుకోక నష్టపోయినవాణ్ణి.

గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే, చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నీ షెడ్డు 1,800 చదరపు అడుగులు, అంటే 167 చదరపు మీటర్లు. రేకుల వాలు చూసి ఎక్కువ కొలవొద్దు, పైనుంచి చూస్తే నేల మీద ఎంత నీడ పడుతుందో అంతే లెక్క. రేకు మీద ఆరిపోయేది, బయటికి చిందేది పోను వందకు 80 వంతులు చేతికి వస్తాయనుకో. మిల్లీమీటరుకు 134 లీటర్లు. అనంతపురం జిల్లా మామూలు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు కదా, మొత్తం 73 వేల లీటర్లు. వినడానికి బాగుంది. కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి డిసెంబరు దాకా ముక్కలు ముక్కలుగా వస్తుంది, అన్నిటికన్నా ఎక్కువ సెప్టెంబరులో. మధ్యలో ఆగస్టులో 20 రోజులు చినుకుండదు, ఆ సంగతి శెనక్కాయ రైతుకు నేను చెప్పాలా.

ఇప్పుడు ఖర్చు వైపు చూడు. ఎనుముకు రోజుకు 60 లీటర్లు, గొర్రెకు ఐదు. మొత్తం 270 లీటర్లు. ఫిబ్రవరి నుంచి మే దాకా 120 రోజులకు 32 వేలు. ఇది నీ షెడ్డు ఇవ్వగలదు.

చీనీ మాట వేరు. చిన్న మొక్కే కదా అని తడికి పది లీటర్లు వేసుకున్నా 220 మొక్కలకు ఒక తడికి 2,200 లీటర్లు. వారానికి రెండు తడులు ఇస్తే నెలకు 19 వేలు, నాలుగు నెలలకు 76 వేలు. అంటే నీ రేకు మీద ఏడాదంతా పడిన ప్రతి చుక్కా పట్టినా చాలదు. కొట్టాయన చెప్పిన 10 వేల ట్యాంకు నిండుగా ఉంటే నాలుగు తడులు వస్తాయి, ఐదోది సగంలో ఆగిపోతుంది. రెండు ట్యాంకులైతే తొమ్మిది. రేపు చెట్లు కాపుకొచ్చాక ఒక్కో చెట్టే ఎండల్లో రోజుకు వంద లీటర్ల పైన అడుగుతుంది, అప్పుడు ట్యాంకు అనే మాటే ఉండదు.

కాబట్టి షెడ్డు నీళ్లు జీవాలకు, మందు పిచికారీకి, ఇంటికి. చీనీకి కావాలంటే పొలం మీద పారే నీళ్లు పట్టాలి, దానికి కుంటే గతి. ఈ రెండూ కలిపి ఆలోచించావు కాబట్టే తికమక. పిచికారీకి వాన నీళ్లు వాడి చూడు, మందు పనితనంలో తేడా తెలుస్తుంది. సుద్ద నీళ్లలో కొన్ని మందులు, ముఖ్యంగా గడ్డి మందు, సగం బలం పోగొట్టుకుంటాయి.

గుత్తి కుర్రోడు:

బ్రో, బకెట్ నిండేలోపు తువ్వాలు తెచ్చుకున్న నాన్నగారికి నా దండాలు. నల్ల ట్యాంకు తీసుకో, తెల్లది వద్దు. వెలుతురు లోపలికి పోతే పాచి పడుతుంది. మా మేడ మీద నీలం రంగుది ఉంది, మూడో ఎండాకాలానికి అరచేత్తో రుద్దితే పొడి రాలుతోంది. లోపల పాచి చెప్పక్కర్లేదు.

ఆలూరు నల్లరేగడి:

చేతులు కాల్చుకున్నవాళ్లు అన్నారుగా, హాజరు.

మాది కర్నూలు జిల్లా, ఆలూరు వైపు. ఐదేళ్ల కిందట 5 వేల లీటర్ల ట్యాంకు తెచ్చాం. దించిన రోజు సంబరంలో కింద నాలుగు కడప బండలు పరిచి, దాని మీద కూర్చోబెట్టేశాం. బండకూ బండకూ మధ్య రెండు వేళ్ల సందు, ఒకటి కొంచెం ఎత్తు. ఖాళీ ట్యాంకును ఇద్దరం ఎత్తాం కదా, దానికి బరువేముంది అనుకున్నాం. నిండితే ఐదు టన్నులు! రెండో వానకే అడుగున, సరిగ్గా ఆ సందు మీద, వెంట్రుకంత గీత. పొద్దున వెళ్లేసరికి ట్యాంకు ఖాళీ, కింద మడి. అతుకు వేయించాం, మళ్లీ పగిలింది. తీసుకెళ్లి చూపిస్తే కింద ఆధారం సరిగా లేకపోతే గ్యారంటీ వర్తించదని కార్డు వెనక సన్న అక్షరాల్లో ఉందన్నారు, ఉంది కూడా.

అందుకని ట్యాంకు కంపెనీ గురించి ఆలోచించే టైములో సగం దాని కింద వేసే దిమ్మె గురించి ఆలోచించండి. అడుగు లోతు తవ్వి, కంకర పోసి దిమ్మిస కొట్టి, పైన ఆరంగుళాల కాంక్రీటు. ట్యాంకు కన్నా చుట్టూ అరడుగు వెడల్పు ఉండాలి. అడుగు మొత్తం దాని మీద ఆనాలి, ఇటుకల మీదా వద్దు, ఇనుప స్టాండు మీదా వద్దు. పోసేముందు దారం లాగి మట్టం చూసుకోండి. మాది నల్లరేగడి, ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు, వానకు ఉబ్బుతుంది, అందుకే మేం మూడడుగులు నల్లమట్టి తీసేసి గరుసు నింపాల్సి వచ్చింది. మీది గరుసు నేలే కాబట్టి ఆ ఖర్చు తప్పింది.

ఇంకోటి, ప్లాస్టిక్ ట్యాంకును భూమిలో పాతే ఆలోచన ఉంటే మానుకోండి. మా పక్క చేనాయన గుంత తీసి మామూలు ట్యాంకే దించాడు. జూన్‌లో ట్యాంకు ఖాళీ, పెద్ద వాన పడి గుంతలోకి నీళ్లు చేరాయి, తెల్లారి చూస్తే ట్యాంకు పడవలాగా పైకి తేలి, పైపులన్నీ ఊడిపోయి పక్కకు ఒరిగి ఉంది. నేల మీద పెట్టినా సరే, ఎండాకాలం చివర్లో పూర్తిగా ఖాళీ చేయొద్దు, మే నెల గాలివానకు ఖాళీ ట్యాంకు దొర్లిపోతుంది. ఓ అడుగు నీళ్లు ఉంచండి.

తాడిపత్రి మేస్త్రి:

పైన ఇద్దరూ బాగా చెప్పారు. నేను కట్టేవాణ్ణి కాబట్టి ఒకటి అడుగుతా, షెడ్డు చూరు నేల నుంచి ఎన్ని అడుగులుంది? ఇది ఎవరూ అడగరు, అన్నీ కొన్నాక నాకు ఫోన్ చేస్తారు. 10 వేల లీటర్ల నిలువు ట్యాంకు ఎనిమిది, తొమ్మిది అడుగులు ఉంటుంది. కింద దిమ్మె ఇంకో అడుగు. నీళ్లు పడే నోరు పైన. దోనె, అంటే చూరు అంచున నీళ్లు పట్టే కాలువ, వాలి వాలి చివరికొచ్చేసరికి మూడు, నాలుగు అంగుళాలు కిందికి దిగుతుంది. చూరు 9 అడుగులే ఉందనుకో, ట్యాంకు నోరు దోనె కన్నా ఎత్తులో ఉంటుంది, నీళ్లు ఎక్కుతాయా? అప్పుడు కింద తొట్టి కట్టి మోటారు పెట్టి ఎక్కించాలి. ముందు టేపు పట్టుకుని కొలువు, ఆ కొలత చీటీ మీద రాసుకుని అప్పుడు కొట్టుకు పో. 5 వేలవి పొట్టిగా ఉంటాయి, రెండు పక్కపక్కన ఒకే మట్టంలో పెట్టి అడుగున పైపుతో కలిపితే సరిపోతుంది. మధ్యలో ఒక్కో దానికి విడిగా వాల్వు పెట్టించు, ఒకటి కడిగేటప్పుడు రెండోది నడుస్తుంది. ట్యాంకు నుంచి బయటికొచ్చే మొదటి రెండడుగులు గట్టి పైపు బిగించకుండా మెత్తటి గొట్టం వెయ్యి. ఎండకు ట్యాంకు ఉబ్బుతుంది, తగ్గుతుంది, గట్టి పైపైతే మూతి దగ్గర చీలుతుంది. ట్యాంకు మీద ఐఎస్ 12701 అనే నాణ్యత ముద్ర ఉందో లేదో చూడు.

దోనె: పది అడుగులకు ముప్పావు అంగుళం వాలు చాలు. మీ 60 అడుగులకు ఒకే చివరకు వాలిస్తే నాలుగున్నర అంగుళాలు దిగుతుంది, చూడ్డానికి వంకరగా ఉంటుంది, పెద్ద వానకు ఆ చివర పొర్లుతుంది కూడా. మధ్య ఎత్తుపెట్టి రెండు చివరలకూ వాలించి, ఒక్కో చివర నాలుగంగుళాల పైపు దించితే మంచిది. రెండడుగులకో బ్రాకెట్. ఇక్కడ పిసినారితనం చేస్తే నీళ్ల బరువుకు దోనె బొజ్జలాగా జారి, అక్కడ నీళ్లు నిలిచి దోమలు.

ఇక మొదటి నీళ్లు. ఎండాకాలమంతా రేకు మీద దుమ్ము, పావురాల రెట్ట, ఎండుటాకులు, మా వైపైతే పాలిష్ ఫ్యాక్టరీల పొడి కూడా ఉంటుంది. అది ట్యాంకులో పడితే నీళ్లు వారానికే వాసన. దానికి ఖరీదైన ఫిల్టర్లు అక్కర్లేదు. దోనె నుంచి దిగే పైపుకు మూడు నోళ్ల జాయింటు (టీ) ఒకటి వేసి, కిందికి ఆరంగుళాల పైపు నేల దాకా నిలువుగా దించు, అడుగున మూత. వాన మొదలవగానే నీళ్లు ముందు ఈ పైపులోకి దిగుతాయి, అది నిండాకే పక్కకు తిరిగి ట్యాంకులోకి పోతాయి. ఆరంగుళాల పైపు అడుగుకు ఐదున్నర లీటర్ల దాకా పడుతుంది. ఎనిమిదడుగులు దించితే 43 లీటర్లు. రెండు వైపులా కలిపి నాలుగు పైపులకు 170 లీటర్లు, అంటే నీ షెడ్డు మీద మొదటి మిల్లీమీటరు వాన మొత్తం అందులోనే ఆగిపోతుంది. అడుగు మూతకు చిన్న కంత పెట్టు, దబ్బనం దూరేంత. మర్నాటికి అదే కారిపోయి తర్వాతి వానకు ఖాళీగా ఉంటుంది. ఆ కంతలో మట్టి అడ్డుపడితే పని అయిపోయినట్టే, కాబట్టి నెలకోసారి మూత తిప్పి కడగాలి. ఈ పని నాన్నగారికి అప్పజెప్పు, నువ్వు మర్చిపోతావు.

మామ చెప్పిన సంపు కూడా తప్పు కాదు. 12 అడుగుల వ్యాసం, 8 అడుగుల లోతు గుండ్రటి తొట్టి 25 వేల లీటర్లు పడుతుంది. గుండ్రంగానే కట్టించుకో. చదరపు తొట్టి మూలల్లోనే ముందు బీటలు వారుతుంది. సగం భూమిలో, సగం పైన ఉంటే తవ్వకం తగ్గుతుంది, వరద నీళ్లు లోపలికి దూరవు. పూత అయ్యాక రెండు వారాలు తడి ఆరనివ్వకూడదు, మన ఎండలకు గోనెసంచులు కప్పి తడుపుతూనే ఉండాలి. పైన మా ఊరి నల్లబండలు కప్పితే చాలు, మనిషి దిగేంత మూత ఒకటి వదిలి దానికి తాళం వెయ్యి. ఎండాకాలం తొట్టిని ఎండబెట్టకు, ఎండిన సిమెంటు తొట్టి మళ్లీ నింపితే కారుతుంది.

పొర్లు పైపు మర్చిపోవద్దు. లోపలికొచ్చే పైపు ఎంత లావో, బయటికి పోయేదీ అంతే లావు. సన్నది పెడితే దిమ్మె కింద మట్టి కోసుకుపోతుంది.

పోరుమామిళ్ల పంతులు:

మా ఊరి చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ల పాటు పనిచేశాయని కూడా ఉంది. ఆ ఆరు దోషాల్లో ఒకటి, నీళ్లు కొంచెం, పారించాల్సిన నేల ఎక్కువ. పులివెందుల ఆయన లెక్క చూస్తుంటే అదే గుర్తొచ్చింది. ఇంకో దోషం కట్ట నుంచి నీళ్లు ఊరడం, మీ ఎర్ర గరుసు నేలకు అచ్చంగా సరిపోయేది.

రిటైరయ్యాక నాలుగెకరాల మామిడి చూసుకుంటున్నాను, కుంట ఉంది, కాబట్టి కుంట గురించి చెబుతాను. గరుసు నేలలో ఉత్త కుంట తవ్వితే బోరుకు మేలు, మొక్కకు కాదు. వారం, పది రోజుల్లో ఇంకిపోతుంది. అడుగున లైనింగు తప్పదు. 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) ప్లాస్టిక్ షీటు, దానికి ఐఎస్ 15351 అనే ముద్ర ఉంటుంది. లేదా జల్లించిన మట్టి ఆరు పాళ్లు, సిమెంటు ఒక పాలు కలిపి రెండంగుళాల మందం పూత పూస్తారు, ఎర్రనేలల్లో అదీ నిలుస్తుంది. అనంతపురం దగ్గరి రేకులకుంట వ్యవసాయ పరిశోధనా కేంద్రం మీకు పెద్ద దూరం కాదు, ఒకసారి వెళ్లి మాట్లాడి రండి.

కొలతల దగ్గర మోసపోకండి. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు అనగానే అందరూ గుణించి రెండున్నర లక్షల లీటర్లు అంటారు. గోడలు నిటారుగా ఉంటేనే ఆ లెక్క. షీటు నిలవాలంటే గోడ కనీసం మీటరు లోతుకు మీటరు వాలు ఉండాలి. అప్పుడు అడుగు ఐదు మీటర్లకు కుంచించుకుపోతుంది, పట్టేది లక్షా 46 వేలే. షీటు మాత్రం పొడవు, వెడల్పు రెండూ పద్నాలుగు మీటర్ల పైన కావాలి, గట్టు మీద కాలువ తీసి అంచులు పూడ్చడానికి మీటరు చొప్పున కలుపుకుని. ముక్కలు తెచ్చి చేన్లో అతికించొద్దు, ఒకే షీటుగా అతికించి తెప్పించుకోండి. పరిచేముందు గుంతలో వేళ్లు, గులకరాళ్లు ఏరి, పైన సన్న మట్టి చల్లండి. నేను ఏరించాను. ఒక్క చిల్లకంప ముల్లు మిగిలింది, ఆ ఏడాది నీళ్లన్నీ దాని గుండానే పోయాయి.

తర్వాత ఎండ. మన వైపు మార్చి, ఏప్రిల్‌లో తెరిచి ఉన్న నీళ్లు రోజుకు 8 మిల్లీమీటర్ల దాకా ఆరిపోతాయి. వంద చదరపు మీటర్ల కుంట మీద అది 800 లీటర్లు, రోజుకు! మీ గొర్రెలు, ఎనుములు తాగేదానికి మూడింతలు సూర్యుడే తాగుతాడు. అందుకని కుంట నీళ్లు దాచుకోవద్దు. బోరు తగ్గుతున్నట్టు కనబడగానే ముందు కుంటలోవి వాడేయండి, మూత ఉన్న ట్యాంకులోవి చివరికి ఉంచుకోండి. నేను మొదటేడు రివర్సులో చేశాను. కుంట నిండుగా చూసుకుని మురిసిపోతూ ట్యాంకు ఖాళీ చేశాను. ఏప్రిల్‌కు కుంటలో మోకాటిలోతు పచ్చ నీళ్లు మిగిలాయి.

చివరగా, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. షీటు కుంటలో జారితే ఈత వచ్చినవాడు కూడా పైకి రాలేడు, పాచి పట్టిన షీటు మీద కాలు నిలవదు. చుట్టూ కంచె, నాలుగు వైపులా ముడులు వేసిన మోకులు గట్టు మీద గుంజలకు కట్టి నీళ్లలోకి వదలండి. మేకపిల్ల పడినా, మనిషి పడినా అదే దిక్కు.

కంబదూరు చీనీతోట:

సార్, అన్నలూ, ఒక్కొక్కటీ నాన్నకు చదివి వినిపించాను. మేస్త్రి అన్న చెప్పినట్టు టేపు పట్టుకున్నాం. తూర్పు వైపు చూరు 9 అడుగుల 2 అంగుళాలు. కొట్టాయన 10 వేల ట్యాంకు ఎత్తు ఎనిమిదిన్నర. దిమ్మెతో కలిపితే చూరు దాటిపోయింది. అడ్వాన్సు ఇచ్చి ఉంటే నా పని ఏమయ్యేదో. కొట్టాయనకు చెబితే "దానికేముంది, దిమ్మె లేకుండా గుంతలో పెట్టుకో" అన్నాడు, ఆలూరు అన్న పడవ కథ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇప్పుడు అనుకున్నది: ముందు 5 వేలవి రెండు. శెనక్కాయ పీకాక డబ్బు చేతికొస్తే గుండ్రటి తొట్టి 25 వేలది, ట్యాంకుల పొర్లు పైపు దాంట్లోకి. అంటే 35 వేల లీటర్లు, జీవాలకు వేసవి గడుస్తుంది. కుంట వచ్చే వానలకు ముందు, చేను వాలు ఈశాన్యం మూలకు ఉంది, అక్కడే. ఉపాధి హామీలో తవ్విస్తారేమో గ్రామ సచివాలయంలో అడుగుతున్నాను.

ఒక అనుమానం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మా బోరులో ఫ్లోరైడు ఉందని ఎప్పుడో పరీక్ష చేసినప్పుడు చెప్పారు. ఈ వాన నీళ్లు తాగొచ్చా?

పులివెందుల రైతు:

వాన నీళ్లలో ఫ్లోరైడు ఉండదనే అనుకో, ఆ విషయంలో బోరు కన్నా ఎంతో మేలు. కానీ రేకు మీద పిట్టలు తిరుగుతాయి కదా, సూక్ష్మజీవులు ఉంటాయి. గుడ్డలో వడగట్టి, మరగకాచి తాగండి. ఫ్లోరైడు నీళ్లను మాత్రం ఎంత కాచినా లాభం లేదు, నీళ్లు ఆవిరైన కొద్దీ అది చిక్కబడుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. పాత పరీక్ష వదిలేసి మళ్లీ చేయించు. నొప్పులకు కారణం అదేనా కాదా అన్నది డాక్టరు చెప్పాలి, మనం కాదు. సిమెంటు రేకులైతే తాగడానికి వద్దనేవాణ్ణి, నీవి ఇనుపవే కాబట్టి పర్లేదు. తుప్పు పట్టినవి, ఈమధ్య రంగు వేసినవి ఉంటే చూసుకో.

కంబదూరు చీనీతోట (నెలన్నర తర్వాత):

ట్యాంకులు కూర్చున్నాయి. దిమ్మెకు నీళ్లు పట్టడానికే పది రోజులు పట్టింది, నాన్న ఒక్కపూట కూడా ఆరనివ్వలేదు. మొన్న రాత్రి మొదటి గట్టి వాన. పొద్దున్నే పెరట్లో పెట్టిన నిలువు డబ్బాలో స్కేలు పెట్టి చూస్తే 22 మిల్లీమీటర్లు. ట్యాంకులో కట్టె ముంచి చూశాం, రెండింట్లోనూ 19 అంగుళాల దాకా తడి. ట్యాంకు లోపలి వ్యాసం ఆరడుగులకు అంగుళం తక్కువ కాబట్టి అంగుళానికి 65 లీటర్లు పడుతుంది, రెండూ కలిపి 2,470 లీటర్లు. పులివెందుల అన్న లెక్క ప్రకారం 2,950 రావాలి, అందులో మేస్త్రి అన్న కడుగు పైపులకు 170 పోయినా ఇంకో మూడు వందల లీటర్లు ఎక్కడో తేడా కొడుతోంది. నాన్నేమో వానలో గొడుగు పట్టుకుని చూసొచ్చి, పడమటి దోనె దగ్గర నీళ్లు దూకి బయట పడుతున్నాయి అంటాడు.

తాడిపత్రి మేస్త్రి:

నాన్నగారు చెప్పిందే నిజం. రేకు అంచు దోనె మధ్యకు వచ్చిందేమో చూడు. అంగుళం, అంగుళంన్నర లోపలికి ఉంటే చాలు, అంతకన్నా ఎక్కువ ఉంటే గట్టి వానకు నీళ్లు దూకుడుగా వచ్చి దోనె దాటేస్తాయి. దోనె బయటి అంచు మీద నాలుగంగుళాల రేకు పట్టీ నిలువుగా బిగించు, రివిట్లు కొట్టి లోపల సీలెంటు పూస్తే సరిపోతుంది. గాలి పడమటి నుంచే కదా కొడుతుంది, ఆ వైపు ఒక్కటే చాలు, తూర్పు వైపు డబ్బు దండగ.

కంబదూరు చీనీతోట:

అంచు రెండున్నర అంగుళాలు లోపలికి ఉందన్నా. పట్టీ రేపు వేయిస్తున్నాం. నాన్న ఇప్పుడు కట్టె మీద గీతలు పెట్టుకుని రోజూ పొద్దున్నే ఎనుములకంటే ముందు ట్యాంకు చూస్తున్నాడు.